తీరికవేళ తలపోతలు: గండిలో నిలుచువా రెవరు?



“వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరి కెఱుక?” అను సామెత తెలుగునాట నన్ని సీమలందును వినబడును. కాలువనీటి ప్రక్క నివసించువారికి ఇది వేదాంతము; మా అనంతపురపు మెట్టసీమవారికి నిత్యవ్యవహారము. పునర్వసు కార్తె ప్రవేశించినది మొదలు మా వీథిలో నే యిద్దరు స్త్రీలు కలిసికొన్నను “మీ దిక్కు పదునైనదా?” అనునదియే మొదటి ప్రశ్న; బిడ్డల క్షేమము తరువాతి మాట. ఈ నెల మేము పనినిగూర్చియు, పనితో గూడ పుట్టెడు అపాయమునుగూర్చియు, ఆ యపాయమును మనుష్యు లొకరిపై నొకరు నెట్టుకొను తీరునుగూర్చియు మాకు తోచిన కొన్ని మాటలు వ్రాయదలచితిమి. పొలము పుట్ర లేని సోదరీమణులు ఇది రైతుల గొడవ యని పుట త్రిప్పివేయకుందురుగాక. ఏ సంసారమునందైనను విత్తుట కలదు, ఫలమునకై వేచియుండుట కలదు, ఫలము తప్పినపుడు ఆ బరువు మోయువా రొకరు కలరు. ఆ మోయువా రెవరను ప్రశ్నయే మా కిప్పుడు ముఖ్యము.

ఆకాశపు లెక్క

మా సీమకు వాన తక్కువగుటకు కారణము దేవతల కోపము కాదు. నైరృతి ఋతుపవనము సముద్రమునుండి తెచ్చిన నీటిలో పెద్దపాలు పడమటి కనుమల కావలివైపుననే దించివేసి, మా కడకు వచ్చుసరికి వట్టి గాలియై వీచును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి, మా దాక వచ్చునప్పటికి అలసిపోవును. రెండు పుట్టిండ్లుండియు నే యింటనుండియు సారె నిండుగా అందని ఆడుబిడ్డ వంటిది మా నేల. సాలుకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ సగటు అనుమాటలో గూడ నొక మాయ కలదు. నెలకు సరిపడు ఉప్పంతయు నొక్కనాటి పప్పులో వేసి, తక్కిన దినములు చప్పిడి తినుమన్నచో లెక్క సరిపోవును గాని కడుపు ఒప్పుకొనదు. మా వానయు నట్టిదే. ఒకవారము వాగులు పొరలును. పిదప నలువది దినములు మబ్బు మొగము కానరాదు.

మా సీమవారు చెనిక్కాయ యని పిలుచు వేరుశనగ ఆషాఢమున విత్తబడును. దాని పువ్వు నేలపైన పూచును. పువ్వునుండి ఊడ దిగి మట్టిలో చొచ్చి కాయ యగును. ఊడ దిగు వేళను, కాయ ఊరు వేళను నేలలో తడి లేనిచో పైన చెట్టు పచ్చగా నున్నను క్రింద గుల్లలే మిగులును. పెఱికి చూచినదాక పండినదో లేదో తెలియదు. ఇట్టి పంటను నమ్ముకొన్నవారికి ఓర్పు నేర్ప నక్కఱలేదు.

ఇంకొక చిత్రము. ఇక్కడి వాన గట్టు చూచి కురియును. ఒక గట్టున కీవలి చేను తడియును, ఆవలి చేను ఎండును. తడిసినవానిని లోకము తెలివిగలవా డందురు. ఎండినవానిని చేతకానివా డందురు. మఱుసటి యేడు మబ్బు ఆవలి వైపునకు జరుగును. అప్పుడు బిరుదులు కూడ గట్టు దాటును. ఇద్దరును అవే చేతులతో దున్నినవారే. మన శ్రమవలన వచ్చిన దెంత, మన భాగ్యమువలన వచ్చిన దెంత యని విడదీసి చూచుకొను అలవాటు కలిమిగలవారికి మిక్కిలి తక్కువ. ఆ యలవాటున్న యింట పరుషవాక్యములు తగ్గునని మా యనుభవము.

పందెమును సేద్యమును

“ఏటేట ఓడుచుండియు మరల విత్తుట యేల? ఇది జూదము గాక మఱేమి?” యని పట్టణవాసులు తఱుచుగా నడుగుదురు. మేము దీని నంగీకరింపము. జూదరికి ఆట మాని యింటికి పోవు దారి కలదు. రైతునకు ఆడకుండుటయే మొదటి యోటమి. చేను బీడు పెట్టినచో గింజ లేకపోవుట యటుంచి, పశువులకు మేత లేదు, కూలివారికి పని లేదు, అంగడిలో అరువు లేదు. తప్పించుకొను దారి యున్నచోట సాహసించుట వేఱు, దారి లేక సాహసించుట వేఱు. రెండింటిని ఒకే పేర పిలుచుట న్యాయము కాదు.

అయినను జూదమునకును సేద్యమునకును ఒక్క పోలిక కలదు. పందెమున నొడ్డిన సొమ్మంతయు ఆడువానిది కాకపోవచ్చును. సభాపర్వములో ధర్మరాజు రాజ్యము నొడ్డెను, తమ్ముల నొడ్డెను, తన్ను తా నొడ్డెను, తుదకు ద్రౌపది నొడ్డెను. సభకు పిలువనంపినపుడు ద్రౌపది కన్నీటితో దయ నర్థింపలేదు. ధర్మశాస్త్రపు ప్రశ్న వేసెను. తన్ను తాను ముందే పోగొట్టుకొన్నవానికి నన్ను పందెమిడు నధికార మెక్కడిది యని దాని భావము. అంతటి సభలో దానికి సూటిగా బదులు చెప్పిన పెద్ద కనబడలేదు. భీష్మునంతటివాడును ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ఈ కథ చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదివినపుడు మాకు దుశ్శాసనునిపై కోపము వచ్చెడిది. ఇప్పుడు చదివినపుడు, పందెము వేయునపుడు ఒక్కరును అడ్డుపడి గట్టిగా నిలువలేదే యని చింత కలుగుచున్నది.

అరణ్యపర్వములో బృహదశ్వుడు ధర్మరాజునకు చెప్పిన నలోపాఖ్యానమున నింకొక స్త్రీ కలదు. నలుడు పుష్కరునితో జూదమాడి వరుసగా ఓడుచుండగా దమయంతి పలుమారులు వారించెను, ఆయన వినలేదు. అప్పు డామె గుండెలు బాదుకొనుచు కూర్చుండలేదు. వార్ష్ణేయుడను సారథిని పిలిపించి, రథము పూన్పించి, కొడుకును కూతును పుట్టింటికి కుండినపురమునకు పంపివేసెను. రాజ్యము పోయినది, కట్టుబట్టలతో అడవిపాలైరి. బిడ్డలు మాత్రము ఆ యాపదకు దక్కలేదు. ఆట నాపు శక్తి తనకు లేదని తెలిసినపుడు, ఆటలో పోగూడని దేదో గుర్తించి దానిని వేఱుచేయుట దమయంతి వివేకము. మా సీమలో చదువు రాని యిల్లాండ్రు అనేకులు ఈ వివేకముతోనే సంసారములు నిలుపుచున్నారు. వారి నెవరును దమయంతులని పొగడరు.

విత్తుల కుండ

పూర్వము మెట్టసేద్యమున ఆ వివేకము చేనిలోనే యుండెడిది. ఒక్క చేనిలో కొఱ్ఱయు, జొన్నయు, కందియు, అనుములును, అలసందలును, గట్టువెంబడి ఆముదమును వేసెడివారు. కొఱ్ఱ మూడు నెలలలో చేతికి వచ్చును. కంది ఆరు నెలలు నిలిచి, లోతుగా వేరు పోగొట్టి, వెనుకటి వానను గూడ ఉపయోగించుకొనును. తొలకరి తప్పి అన్నియు ఎండినను, భాద్రపదపు వానకు ఉలవలు చల్లిన యెడల ఇంటికి గుగ్గిళ్లును పశువులకు పొట్టును దొరకును. ఒక్కొక్క పైరు ఒక్కొక్క తేదీన వాన నడుగును. అందఱికిని ఒక్కసారి లేదనుట ఆకాశమునకైనను కష్టము.

ఈ సేద్యమునకు ఆయువుపట్టు ఇంటిలోని విత్తుల కుండ. గింజను ఎండించి, బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి మట్టి మెత్తి దాచువారు స్త్రీలు. ఆ కుండ మూత తెఱచు అధికార మామెది. ఎంత ఆకలియైనను విత్తుగింజ ముట్టగూడదని కట్టడి చేయునదియు నామెయే. కాబట్టి ఏ చేనిలో నేమి వేయవలెనను ఆలోచనలో ఆమె మాట కొక స్థాన ముండెను.

వేరుశనగ వచ్చి ఇదియంతయు మాఱ్చినది. దీనికి రైతు దురాశయే కారణమనువారు తొందరపడుచున్నారు. లోతులేని ఎఱ్ఱనేలలో కొంత వానయెద్దడికి తట్టుకొను పంట యిది. కాయ రొక్కము తెచ్చును, కట్టె పశువులకు మేత యగును. నూనె మిల్లులు వెలసినవి. దేశమునకు వంటనూనె చాలక విదేశములనుండి తెచ్చుకొనుచున్న దినములలో, 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల దిగుబడి పెంచుటకై ప్రత్యేకముగా నొక మిషన్ నెలకొల్పినది. దేశపు బాణలిలోనికి నూనె కావలసివచ్చెను. మా రైతు పోసెను. కొన్నేండ్లలో లక్షల యెకరము లొక్క పంట క్రిందికి వచ్చినవి. అప్పుడు ఆకాశము ఒక్కమాఱు లేదన్నచో అందఱికిని ఒక్కసారే లేదన్నట్లయ్యెను. ఇంటి కుండలో కాచుకొన్న విత్తునకు మాఱుగా బస్తాలలో కొన్న విత్తు వచ్చెను. సాగుఖర్చులో పెద్దపాలు దానికే. బస్తా అప్పుతో వచ్చును, అప్పు మగవాని సంతకముతో వచ్చును. ఇట్లు కుండతోగూడ ఇల్లాలి మాటయు నటుక యెక్కినది. పంట మాఱినపుడు ఇంటిలోని పెత్తనము గూడ మాఱునని లెక్కలు కట్టువారు సాధారణముగా వ్రాయరు. వంటయింటినుండి చూచువారికి మాత్ర మది స్పష్టముగా గానవచ్చును.

వయ్యారిభామ

ఎవరి చేను వారిది, ఎవరి కర్మ వారిది యనుకొనువారు 2000 సంవత్సరమున మా జిల్లాలో జరిగినదానిని తెలిసికొనదగును. ఆ యేడు వేరుశనగ మొక్కలు లేతదనముననే మొవ్వు మాడి, కాండము నల్లబడి చచ్చిపోసాగెను. సుమారు 2,25,000 హెక్టారులలో పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పరిశోధించి చూడగా ఇది కాండము కుళ్లు తెగులనియు, టొబాకో స్ట్రీక్ అను వైరస్సువలన గలిగినదనియు తేలెను.

ఆ వైరస్సు చేనిలో పుట్టలేదు. బాటల ప్రక్కను, బీళ్లలోను, బడి గోడల చుట్టును తెల్లని చిన్నపూలతో పెరుగు వయ్యారిభామ యను కలుపుమొక్కలో నది దాగియుండెను. మొక్కకు జబ్బు కనబడదు. పుప్పొడిలో మాత్రము వైరస్సుండును. గాలికి పుప్పొడి వచ్చి వేరుశనగ ఆకులపై వ్రాలును. కంటికి ఆననంత చిన్నవగు తామరపురుగులు ఆకును గీకగా నా గాటునుండి వైరస్సు లోనికి చొచ్చును. పొలములో కలుపు తీయని రైతు లేడు. కాని బాట ఎవరిది? బీడు ఎవరిది? ఎవరిదియు గాని చోట పెరిగిన మొక్క అందఱి చేలను కాల్చినది.

మేము ఈ కథను స్త్రీల కూటములలో పలుమారులు చెప్పుచుందుము. తన వాకిలి చిమ్మి చెత్తను వీథిలోనికి త్రోయుట గృహశుభ్రత యనిపించుకొనదు. పొరుగింటి బాలికకు చిన్నతనముననే పెండ్లి నిశ్చయమగుచుండగా మనకేల యని తలుపు వేసికొనుటయు, వీథిలో సారా అంగడి వెలసినపుడు మా యింటివారు త్రాగరుగదా యని తృప్తిపడుటయు ఇట్టివే. ఎవరిదియు గాని పని చేయు సంఘము లేనిచోట, ఎవరి పని వారెంత బాగుగా చేసికొన్నను చాలదు.

కూలి కొలత

పని చేయువారినిగూర్చి కలిగినవారి మనస్సులో నొక పాత భయము కలదు. కడుపునిండ పెట్టినచో కూలివాడు సోమరియగునని యా భయము. 1876 మొదలు 1878 వఱకు, అనగా ధాత ఈశ్వర నామ సంవత్సరములలో, మదరాసు రాజధానిని ఘోరమైన కఱవు పీడించెను. అనంతపుర మప్పటికి బళ్లారి జిల్లాలో చేరియుండెను. వేఱు జిల్లా యగుట 1882లో. కఱవుపనులలో రాళ్లు కొట్టుచు మట్టి మోయుచున్నవారికి ఇచ్చు కూలి ఎక్కువగా నున్నదని తలచి, రాజప్రతినిధి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు దొర 1877లో దానిని తగ్గించెను. మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము, దానిపైన కొద్దిపాటి కాసు. స్త్రీకిని పనిచేయు బాలునికిని అంతకన్న తక్కువ. మదరాసు ఆరోగ్యశాఖాధికారి యగు డాక్టరు కార్నిషు, ఈ తిండితో మనిషి పనిచేయుట యటుంచి బ్రతుకుటయే కష్టమని వాదించెను. తరువాత కూలి కొంత పెంచబడినది గాని అప్పటికే వేలకొలది ప్రాణములు పోయినవి.

ఆ కఱవు గడచిన సుమారు నూటముప్పది యేండ్లకు, 2006 ఫిబ్రవరి 2వ తేదీన, మా జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లెకు ప్రధానమంత్రి మన్మోహన్ సింగు గారు వచ్చి గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించిరి. 2005లో చేసిన యా చట్టము పల్లెటి కుటుంబమునకు ఏటికి నూరు దినముల పనిని హక్కుగా ఒప్పుకొన్నది; అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి యీయవలెనన్నది; స్త్రీపురుషులకు సమానమైన కూలి యన్నది. చట్టముల పేర్లును పద్ధతులును కాలముతో మాఱుచుండును. ఆచరణలో లోపము లనేకము. అయినను 1877లో కూలి దయగా ఈయబడి, దయగా తగ్గింపబడెను. 2006లో నది అడుగదగిన వస్తువయ్యెను. ఈ భేదము చిన్నది కాదు. మా వీథిలో నొక వృద్ధురాలు, పొలములో తనకు మగవానితో సమానముగా కూలి ఎన్నడును దొరకలేదనియు, ఆ పనిలో మొదటిసారి సమానముగా చేతికి వచ్చినపుడు రెండుమాఱులు లెక్కించుకొంటిననియు మాతో చెప్పినది.

పని దొరకనిచో నేమగునో మా యింటివారి బడిలోని హాజరుపట్టీ చెప్పును. ఆయన బడిపంతులు. వానకొలతలు చూడకయే, ఏ యేడు పంట పోయినదో ఆ పట్టీ చూచి చెప్పగలరు. కార్తికము దాటునప్పటికి వెనుక వరుసలు పలుచబడును. తల్లిదండ్రులు బెంగుళూరునకు కట్టడపు పనులకు పోవుదురు. చిన్నబిడ్డ నెత్తుకొనుటకు పెద్దబిడ్డను గూడ కొనిపోవుదురు. ఆ పెద్దబిడ్డ సాధారణముగా ఆడుబిడ్డయే. తండ్రి విత్తిన విత్తునకు నష్టపరిహారము ఆ బాలిక చదువునుండి చెల్లింపబడుచున్నది.

పూచీ

ఇక అప్పునుగూర్చి. “ఎద్దు పుండు కాకికి ముద్దు” అని సామెత. వాన తప్పిన యేడు వడ్డీవ్యాపారికి మంచి యేడు. ఈ కాకులనుండి తప్పించుకొనుటకే మన స్త్రీలు పొదుపు సంఘములు పెట్టుకొనిరి. 1992 మొదలు ఇట్టి సంఘములకు బ్యాంకులు అప్పులిచ్చు పద్ధతి యేర్పడెను. పదిమంది కూడి, వారమునకింత యని దాచి, ఒకరికొకరు పూచీ పడుట యెంతయో మంచిది. చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో మొదలైన తింబక్తు సంస్థ వెంట స్త్రీలు తమ పొదుపు సహకార సంఘములను తామే నడుపుకొనుచు, బోడికొండలను మరల పచ్చగా చేయుటలోను, కొఱ్ఱ మొదలగు చిఱుధాన్యములను మరల చేలలోనికి తెచ్చుటలోను పాలుపంచుకొనిరి.

అయితే పూచీకి రెండు మొగములు కలవు. లాభాపేక్షతో అప్పులిచ్చు సంస్థలు ఈ గుంపు పద్ధతిని తాముకూడ చేపట్టి, వారము వారము కంతు వసూలు చేయసాగెను. ఒకతె కట్టలేకపోయినచో తక్కిన తొమ్మండుగురు ఆమె వాకిట కూర్చుండవలసివచ్చెను. నిన్నటిదాక చేదోడుగా నున్న స్నేహితురాండ్రు నేడు తలారులైరి. ఒత్తిడి మితిమీఱగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ వసూళ్లను కట్టుబాటు చేయుచు నొక అత్యవసర శాసనము చేసినది. కీడు పూచీలో లేదు. ఎవరి మేలుకొఱకు పూచీ పడుచున్నామో మఱచుటలో నున్నది.

పంటబీమాయు నిట్టిదే. వాతావరణము ననుసరించి యిచ్చు బీమాలో వానమాపకము చెప్పినదే ప్రమాణము. వానమాపక మొకచోట నుండును, చేను ఇంకొకచోట నుండును. మబ్బునకు ఆ సంగతి తెలియదు. అంతేకాక పరిహార మేదైనను కాగితముపై పేరున్నవారి నే వెదకుకొనుచు వచ్చును. దున్నినది కౌలురైతు, పట్టా వేఱొకరిది. కలుపు తీసినది, కాయ కోసినది, గింజ యొలిచినది స్త్రీ, పట్టా మగవానిది. 1990ల చివరినుండి మా సీమలో అప్పుల బాధచేత ప్రాణములు తీసికొన్న రైతుల సంగతి లోకమంతయు పత్రికలలో చదివినది. ఆ చావు నాటితో వార్త ముగియును, అప్పు ముగియదు. భర్త ఎంత తెచ్చెనో, ఎవరియొద్ద తెచ్చెనో ఎన్నడును వినని భార్య పండ్రెండవనాడు అప్పులవారి నోట నా లెక్క వినును. పందెము వేయునపుడు పిలువరు. ఓటమి పంచునపుడు పెద్దపాలు ఆమె యెదుట పెట్టుదురు. ద్రౌపది యడిగిన ప్రశ్న ఇప్పటికిని సభలో నట్లే నిలిచియున్నది.

కట్టయు గండియు

అనంతపురమునకు సమీపమున బుక్కరాయసముద్రపు చెఱువున్నది. ఒకప్పుడు కుంభవృష్టి కురిసి కట్ట తెగనుండగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిగా ఇచ్చినచో కట్ట నిలుచునని గ్రామదేవత పలికెననియు, ఆమె ఇంటివారి సెలవు పుచ్చుకొని తానై నడచిపోయి గండిలో నిలిచెననియు కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో దీనినే “ముసలమ్మ మరణము” అను కావ్యముగా రచించిరి. కట్టమీద నామెకు నేటికిని పూజలు జరుగుచున్నవి. మేమును చేతులు జోడింతుము. ఊరికొఱకు ప్రాణమిచ్చిన తల్లికి మ్రొక్కనివా రెవరు?

కాని మ్రొక్కి లేచిన పిమ్మట నొక ప్రశ్న మిగులును. ఆ కట్ట ఒక్కనాటి వానకు బలహీనమైనదా? ఏటేట రాయి పేర్చవలసినవా రెవరు? ఊరిలో నంతమంది పెద్దలుండగా గండి చిన్నకోడలి పేరే యేల పలికినది?

మా పొరుగునున్న కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువుకట్టపై నొక శాసనము కలదు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. మంచి చెఱువునకు పండ్రెండంగములు వలయునని యందు చెప్పబడినది: ధర్మపరుడగు ప్రభువు, నీటిశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి యేఱు, ఆనుకొనుటకు కొండలు, నిడివి మితముగా నుండి దిట్టమైన రాతికట్ట, దగ్గఱనే రాతిగని, చదునైన సారవంతపు పొలములు, తుదకు పని తెలిసిన నేర్పరుల గుంపు. తప్పవలసిన దోషములు ఆఱు చెప్పబడినవి. కట్టనుండి నీ రూరుట, చవుడు నేల, నీరు తక్కువయై తడుపవలసిన నేల యెక్కువగుట మొదలగునవి. రెండేండ్లు దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరి. రాతిగోడకు నూరు బండ్లు నడచెను. ఆ పండ్రెండంగములలో కోడలి ప్రాణము లేదు. దాని కక్కఱ లేకుండ చేయుటకే తక్కినవన్నియు.

ఈ రెండు చెఱువులును మా కండ్లయెదుట ఎల్లప్పుడు నుండును. అపాయమును పదిమంది పంచుకొని, ముందుగా రాయి పేర్చిన సంఘము కట్టను నిలుపుకొనును. పంచుకొనని సంఘము తుద కొక్కరిని గండిలో నిలుపును. నిలుచునది మాట చెల్లని మనిషియే యగును. పిదప గుడి కట్టుట సులభము.

కావున సోదరీమణులకు మా మనవి యిది. వచ్చు ఆషాఢమునకు ముందు, విత్తు కొనకమునుపే, ఇంటివారితో కూర్చుండి అప్పెంతయో, ఎవరియొద్దనో, ఏ గడువునకో యడిగి ఒక పుస్తకమున వ్రాసికొనుడు. అడుగుట అవిధేయత కాదు. ఏమైనను పందెమున పెట్టగూడనివి యేవో ముందే యేర్పఱచుకొనుడు: పాడిపశువు, బిడ్డ చదువు, నాలుగు నెలల తిండిగింజ. వేరుశనగ సాళ్ల నడుమ కంది సాలు వేయించుడు. నటుకపైనున్న కుండను దించి రెండు గుప్పిళ్ల కొఱ్ఱలైనను విత్తునకు దాచుడు. భూమి కాగితములలో మీ పేరు చేరు వీలున్నచో సిగ్గుపడక చేర్పించుకొనుడు. పొరుగింట పంట పోయినపుడు వారి చేతకానితనమునుగూర్చి మాటలాడుట మాని, వారి బిడ్డను పనులు ముగియునంతవఱకు మీ యింట నుంచుకొని బడికి పంపుడు. ఇది ఒక్క చాపయు నొక్క పూట సంగటియు నగు వ్యయము.

ఇవి పెద్ద పనులు కావు. కట్టకు పేర్చు రాళ్లు మాత్రమే. వాన యెప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. వచ్చిననాడు కట్ట యెట్లుండవలెనో కొంతవఱకు మన చేతిలో నున్నది.